గంట దూరంలో పరదేశం



2019 వేసవిలో నేనూ నా భార్యా వియన్నాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళి రెండు నెలలు ఉండి వచ్చాము. ఊళ్ళో కనబడినవారందరూ అక్కడి రాజభవనాల గురించీ, పెద్ద గుళ్ళ గురించీ అడుగుతారు. వాటిని చూసిన మాట నిజమే. కానీ నా మనసులో నిలిచిపోయింది ఒక శనివారం, ఒక ఆదివారం మేమంతా రైలెక్కి పక్క దేశం వెళ్ళి వచ్చిన సంగతి. దాన్ని రాయాలంటే నా తప్పు ఒకటి చెప్పుకోవలసి వస్తుంది. అందుకే ఇన్నేళ్ళూ రాయలేదు.

జూన్ నెలలో ఒక సాయంత్రం భోజనాల దగ్గర అమ్మాయి, "నాన్నా, ఈ శనివారం స్లొవేకియా వెళ్దామా? ఒక రాత్రి ఉండి వద్దాం" అన్నది, గుంటూరు వెళ్ళొద్దామా అన్నంత తేలికగా.

"అది వేరే దేశం కదమ్మా! వీసా అక్కరలేదా?" అన్నాను.

మాకిచ్చిన షెంగెన్ వీసా ఆ దేశానికి కూడా చెల్లుతుందట. 2007 డిసెంబరు నుంచి ఆ రెండు దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు తీసేశారట. డబ్బు కూడా మార్చుకోనక్కరలేదు, 2009 నుంచి అక్కడ కూడా యూరోలే. వియన్నా నుంచి ఆ దేశపు రాజధాని బ్రాటిస్లావాకు సుమారు 60 కిలోమీటర్లు. మా ఊరు రేపల్లె దగ్గర. మేము విజయవాడ వెళ్ళాలన్నా ఇంచుమించు అంతే దూరం.

నేను ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టర్ని. గోడకు మ్యాపు తగిలించి, "చెకోస్లోవేకియా, రాజధాని ప్రాగ్" అని ఎంతమంది పిల్లలచేత వల్లె వేయించానో లెక్కలేదు. 1993లో ఆ దేశం రెండయింది. మా బడిలో పాత మ్యాపు చిరిగిపోయేదాకా అదే ఉన్నది. పుస్తకంలో చెప్పిన దేశాన్ని కళ్ళతో చూడబోతున్నానంటే నాకు ముందు రాత్రి నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున నా భార్య పులిహోర కలిపి, చపాతీలు చేసి, గోంగూర పచ్చడి సీసా సంచిలో పెట్టింది. "గంట ప్రయాణానికి ఇవన్నీ ఎందుకండీ అత్తయ్యగారూ" అని అల్లుడు గారు నవ్వారు. రైలు కదలగానే పులిహోర డబ్బా మూత తీసింది మాత్రం ఆయనే.

ఊరు దాటగానే చదును నేల మొదలయింది. మార్చ్‌ఫెల్డ్ అంటారు ఆ మైదానాన్ని. గోధుమ చేలు, కూరగాయల మళ్ళు, మధ్యమధ్య గాలిమరలు. కనుచూపుమేర ఒక కొండ లేదు, మన డెల్టా లాగే. కానీ ఏదో తేడాగా ఉన్నదని నాకు అనిపిస్తూనే ఉంది. కాసేపటికి తెలిసింది. గట్లు లేవు. ఒక చేను ఎక్కడ అయిపోయి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో పైరు రంగు మారితేనే తెలుస్తున్నది. వరి కాదు కనుక నీళ్ళు నిలబెట్టే పని లేదు, గట్టు అక్కరలేదు.

"చూశారా, గట్టు లేకుండా ఎలా చేస్తున్నారో" అన్నాను నా భార్యతో.

ఆమె కిటికీలోంచి చూస్తూ, "చూశాను" అన్నది. ఇంకేమీ అనలేదు. ఆమె అనని మాట ఏమిటో నాకు తెలుసు.

ఇక్కడే చెప్పేస్తాను. మా నాన్నగారు పోయాక నాకూ మా అన్నయ్యకూ చెరి ఎకరం యాభై సెంట్లు వచ్చాయి. చాలా ఏళ్ళు నోటి మాట మీదే సాగు చేసుకున్నాము. రిటైరయ్యాక నాకు తీరిక ఎక్కువయింది. 2013లో సర్వేయరుని పిలిపించి కొలిపించాను. నా భూమి రెండు సెంట్లు అన్నయ్య వైపు ఉన్నదని తేలింది. ఆ రెండు సెంట్లలో మా వదిన బోదె పక్కన బీర, చిక్కుడు పాదులు పెట్టుకునేది. నేను హద్దు రాళ్ళు పాతించాను. అంతటితో ఊరుకోక స్తంభాలు నాటించి ఇనుప ముళ్ళ తీగ నాలుగు వరసలు కట్టించాను. వదిన చేలో వాళ్ళకు అన్నం తీసుకువెళ్ళే దారి కూడా దానితో మూసుకుపోయింది. డొంక మీదుగా చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చేది. అన్నయ్య ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఆరేళ్ళు. ఒకే గుడిలో ఆయన ముందు కూర్చుంటే నేను తలుపు దగ్గర కూర్చునేవాడిని. సంస్కారపు ఆదివారం ఆయన మొదటి వరుసలో బల్ల దగ్గరకు వెళ్ళి వచ్చాక, నేను ఆఖరి వరుసలో మోకరించేవాడిని. మా అయ్యగారు రెండుసార్లు ఇంటికి వచ్చి చెప్పి చూశారు. సామెతల గ్రంథంలో పొలిమేర రాళ్ళ మాట ఉన్నది కదా అని నేను ఆయనకే ఎదురు చెప్పాను. కాగితాల ప్రకారం న్యాయం నా వైపే ఉన్నది. అది ఈ రోజుకీ నిజమే.

రైలు మార్చెగ్ అనే చిన్న స్టేషను దాటింది. ఆ ఊరు కొంగలకు పేరుబడింది. తెల్ల కొంగలు ప్రతి ఏడూ ఎక్కడో ఆఫ్రికా నుంచి వచ్చి, నది పక్క చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకుని తిరిగి వెళతాయట. పొలంలో రెండు కొంగలు కనబడేసరికి మా మనవరాలు కిటికీకి అతుక్కుపోయింది. అంతలోనే రైలు ఒక వంతెన మీదికి వచ్చింది. కింద ఒక నది, మన పెద్ద పంట కాలువ కంటె కాస్త వెడల్పు, అంతే. రెండు పక్కలా దట్టమైన చెట్లు.

"తాతయ్యా, ఇదే బోర్డర్!" అన్నది మనవరాలు. అమ్మాయి ఫోను టింగుమన్నది, స్లొవేకియాకు స్వాగతం అని మెసేజి. బండిలో ఎవరూ తలెత్తలేదు. మమ్మల్ని ఏమీ అడగలేదు. కొన్ని రోజుల్లో పోలీసులు ఎక్కి చూడడం కద్దు కనుక పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోవాలని అల్లుడు గారు చెప్పారు. నేను మాత్రం గుడ్డసంచిలో పెట్టుకున్న పాస్‌పోర్టును ఆ వంతెన దాటేదాకా చేత్తో పట్టుకునే ఉన్నాను.

బ్రాటిస్లావా పాత ఊరు నడిచి చూసేంత చిన్నది. కోట ద్వారం, రాళ్ళు పరచిన వీధులు, డాన్యూబ్ నది ఒడ్డున కొండ మీద తెల్లని కోట. సెయింట్ మార్టిన్ గుడిలో 1563 నుంచి 1830 వరకు హంగేరీ రాజులకు పట్టాభిషేకాలు జరిగాయి. ఆ గుర్తుగా గుడి గోపురం మీద సిలువ ఉండవలసిన చోట బంగారు పూత పూసిన కిరీటం ఉంటుంది. ఆ గుడి గోడకు నాలుగు అడుగుల దూరంలోనే అన్నట్టుగా పెద్ద రోడ్డు పోతుంది. 1972లో పూర్తయిన కొత్త వంతెన కోసం ఆ రోడ్డు వేస్తూ, అక్కడ ఉన్న యూదుల పేటను, వాళ్ళ సమాజ మందిరంతో సహా కూలగొట్టారట. పిల్లలకు ఇవేమీ పట్టలేదు. ఒక వీధి మూలన మ్యాన్‌హోలు లోంచి తల బయటకు పెట్టి నవ్వుతున్న కంచు మనిషి ఉన్నాడు. మనవడు వాడి టోపీ మీద చెయ్యి వేసి దిగనంటే దిగనన్నాడు. మేము రాజుల గుడి దగ్గర పదిహేను నిమిషాలు, ఆ కంచు మనిషి దగ్గర అరగంట ఉన్నాము.

రాత్రి బసకు అమ్మాయి ఒక ఇంటి పై అంతస్తు తీసుకున్నది. ఇంటావిడ డెబ్భై అయిదేళ్ళ పెద్దావిడ, ఒంటరిగా ఉంటుంది. మమ్మల్ని చూసి వయసులో తన తోటివాళ్ళమని సంతోషించి, వేడి వేడి సూపు తెచ్చి పెట్టింది. నా భార్య బదులుగా గోంగూర పచ్చడి ఇచ్చింది. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది, కానీ సీసా మాత్రం తిరిగి ఇవ్వలేదు!

ఆవిడకు జర్మన్ వచ్చు. అమ్మాయి మాకు తెలుగులో చెబుతూ వచ్చింది. ఆవిడ అమ్మమ్మ నాటికి ఊళ్ళో అందరూ మూడు భాషలు మాట్లాడేవారట, జర్మన్, హంగేరియన్, స్లొవాక్. ఊరికీ మూడు పేర్లు. బ్రాటిస్లావా అన్న పేరు ఖాయమయింది 1919లోనే. 1914లో వియన్నాకూ ఈ ఊరికీ మధ్య ఎలక్ట్రిక్ బండి మొదలయింది, మన ట్రాముల వంటిది. ఇక్కడివాళ్ళు సాయంత్రం నాటకం చూడడానికి వియన్నా వెళ్ళి వచ్చేవారట. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అది ఆగిపోయింది. ఆపైన కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చి సరిహద్దు పొడవునా ముళ్ళ తీగల కంచెలు వేసింది. 1950లలో ఆ తీగల్లో కరెంటు కూడా పారించారు. నిఘా గోపురాలు, తుపాకులు, కుక్కలు. "మా అమ్మమ్మ ఇల్లు దెవీన్‌లో, నది పక్కనే. రాత్రిళ్ళు నీళ్ళ చప్పుడు వినబడేది. ఒడ్డుకు వెళ్ళనిచ్చేవారు కాదు. కంచె అడ్డం" అన్నది ఆవిడ.

మేము క్రైస్తవులమని తెలిశాక ఇంకొక సంగతి చెప్పింది. ఆవిడ కేథలిక్. 1988 మార్చి 25, శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు ఊరి నడిబొడ్డున ఉన్న చౌకులో విశ్వాసులు వేలమంది చేరి, చేతుల్లో కొవ్వొత్తులు వెలిగించుకుని నిలబడ్డారట. బిషప్పులు లేక ఖాళీగా ఉన్న పీఠాలకు బిషప్పులను నియమించనివ్వాలని, మత స్వేచ్ఛ, పౌర హక్కులు ఇవ్వాలని వాళ్ళ కోరిక. నినాదాలు లేవు, ప్రార్థన మాత్రమే. అరగంట నిలబడి ఇళ్ళకు వెళ్ళిపోవాలని ముందే అనుకున్నారు. వాన పడుతున్నది. పోలీసులు జనంలోకి కార్లు నడిపారు, లాఠీలతో కొట్టారు, నీళ్ళ ఫిరంగులు ప్రయోగించారు. ఆ అరగంటా జనం కదలలేదు.

"మీరు కూడా వెళ్ళారా?" అని అడిగింది నా భార్య.

"వెళ్ళాను. భయపడి చౌకు చివర నిలబడ్డాను. నా కొవ్వొత్తి రెండుసార్లు ఆరిపోయింది. పక్కనున్న ఎవరో తన గొడుగు అడ్డం పెట్టి వెలిగించాడు. అతని మొహం కూడా నాకు సరిగా గుర్తులేదు" అన్నది.

ఆ మాట వింటుంటే నాకు మాస్టరు బుద్ధి పోనిచ్చుకోలేక, "మరి 1993లో మీ దేశం రెండయినప్పుడు గొడవలు జరిగాయా?" అని అడిగించాను. ఆవిడ నవ్వింది. ఒక్క తూటా పేలలేదట. ఉమ్మడి ఆస్తిని మూడు వాటాలు చేసి జనాభా లెక్కన రెండు చెక్‌లకు, ఒకటి స్లొవాక్‌లకు పంచుకున్నారు. "మా చెల్లెలు బ్ర్నోలో ఉంటుంది. అది ఇప్పుడు పరదేశం. ప్రతి క్రిస్మస్‌కీ వెళ్తాను. విడిపోయింది దేశాలు కదా, మా ఇద్దరికీ ఏమైంది?" అన్నది.

అమ్మాయి ఆ చివరి వాక్యాన్ని తెలుగులో చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. సూపు గిన్నె వైపు చూసి చెప్పింది.

ఆదివారం పొద్దున ఒక లూథరన్ సంఘంలో ఆరాధనకు వెళ్ళాము. భాష రాకపోయినా ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో మాకు తెలిసిపోయింది. క్రమం మనదే. పరలోక ప్రార్థన వచ్చినప్పుడు వాళ్ళు స్లొవాక్‌లో, మేము తెలుగులో. అందరితోపాటే ముగించాము. అప్పులు క్షమించమనే చోటికి వచ్చేసరికి నా గొంతు ఎందుకో సరిగా రాలేదు.

ఆరాధన అయ్యాక కొత్త వంతెన కింద బస్సెక్కి దెవీన్ వెళ్ళాము. ఇంటావిడ మరీ మరీ చెప్పింది చూడమని. ఎత్తయిన రాతి గుట్ట మీద పాత కోట, 1809లో నెపోలియన్ సైనికులు పేల్చివేయగా మిగిలిన గోడలు. దాని కిందనే మొరావా నది వచ్చి డాన్యూబ్‌లో కలుస్తుంది. ముందురోజు రైల్లో మేము దాటిన నది అదే. కోట గోడ మీది నుంచి చూస్తే అవతలి ఒడ్డు ఆస్ట్రియా. చెట్ల ఆకులు కూడా కనబడుతున్నాయి. గట్టిగా కేకేస్తే పలికేంత దూరం.

నది ఒడ్డున ఒక కాంక్రీటు ద్వారం కట్టి ఉన్నది. దాని నిండా తూటాల గుర్తులు. 1945 నుంచి 1989 వరకు దేశం సరిహద్దు దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్న 400 మంది జ్ఞాపకార్థం కట్టినదది. ఈదబోయి మునిగినవాళ్ళు, కంచె దగ్గర కాల్చబడినవాళ్ళు. మనవరాలు ఇంత చిన్న నదిలో ఎలా మునిగిపోతారని అడిగితే మాకు జవాబు చెప్పడం కష్టమయింది.

1989 డిసెంబరు 10న, అదీ ఆదివారమే, సుమారు లక్షమంది జనం బ్రాటిస్లావా నుంచి సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని హైన్‌బుర్గ్ ఊరికి నడిచి వెళ్ళి వచ్చారట. అంతకు నెల ముందు అటు అడుగు వేస్తే కాల్చేవారు. ఆ సమయంలోనే ఒక శిల్పి కత్తిరించిన ముళ్ళ తీగతో పెద్ద హృదయం ఆకారం చేసి ఇక్కడ నది ఒడ్డున నిలబెట్టాడని అమ్మాయి చదివి చెప్పింది.

ముళ్ళ తీగ అన్న మాట వినగానే నా భార్య నా వైపు చూసింది. ఆరేళ్ళలో ఆమె ఆ తీగ గురించి నాతో ఒక్కసారీ పోట్లాడలేదు. ఇప్పుడు కూడా నెమ్మదిగానే అన్నది:

"ఏమండీ, మనది నాలుగు వరసలు కదూ?"

నేను అక్కడ ఉన్న బల్ల మీద కూర్చున్నాను. పిల్లలు నీళ్ళలోకి రాళ్ళు విసురుతున్నారు. వాటిలో ఒక్కటి కూడా అవతలి ఒడ్డుకు చేరలేదు, కానీ వాళ్ళు విసురుతూనే ఉన్నారు.

సాయంత్రం తిరుగు బండిలో చోటు దొరికింది. కాసేపటికి అమ్మాయి ఫోను తీసి, కాస్త తటపటాయించి, "నాన్నా, నేను ప్రతి ఆదివారం పెదనాన్నకు ఫోన్ చేస్తాను. మీకు చెప్పలేదు. ఇప్పుడు చేసే వేళ అయింది" అన్నది. మన దేశంలో అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. నాకు కోపం రావలసింది, రాలేదు. "చెయ్యమ్మా" అన్నాను.

తెర మీద అన్నయ్య మొహం. బాగా తెల్లబడిపోయాడు. గుడిలో వెనక నుంచి చూడడమే గాని ఎదురుగా చూసి ఆరేళ్ళయింది కదా. అమ్మాయి రెండు మాటలు మాట్లాడి, ఏమీ చెప్పకుండా ఫోను నా చేతిలో పెట్టింది.

ఇద్దరమూ కొంతసేపు ఒకరినొకరు చూసుకున్నాము. నాకు అనవలసిన మాటలు చాలా ఉన్నాయి. దెవీన్ నుంచి స్టేషను దాకా వాటిని మనసులో పేర్చుకుంటూనే వచ్చాను. ఒక్కటీ రాలేదు.

చివరికి ఆయనే, "అక్కడ వరి వేస్తారా?" అన్నాడు.

"లేదన్నయ్యా, గోధుమ. గట్లు కూడా ఉండవు" అన్నాను.

"ఊఁ" అన్నాడు. కాస్త ఆగి, "ఇక్కడ మీ తీగ తుప్పు పట్టింది. మొన్న మా గేదె కాలికి గీసుకుంది" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, వాన పడింది అన్నట్టుగా అన్నాడు.

"నేను రాగానే తీయించేస్తాను. అది వేయకుండా ఉండవలసింది అన్నయ్యా, తప్పు నాది" అన్నాను.

రైలు వంతెన మీదికి వచ్చింది. ఫోను ఒక దేశం నుంచి ఇంకొక దేశానికి మారేటప్పుడు మాట తెగిపోయింది. ఆయన విన్నాడో లేదో తెలియలేదు. మార్చెగ్ దగ్గర మళ్ళీ కలిసింది. అప్పటికి ఫోను వదిన చేతిలో ఉన్నది. "ఏం మరిదీ, అక్కడ చలిగా ఉందా? మా చెల్లెలు బాగుందా?" అని అడుగుతున్నది, ఈ ఆరేళ్ళూ రోజూ మాట్లాడుకుంటున్నట్టే.

జులై చివర ఊరికి వచ్చాము. మర్నాడే ఇద్దరు కూలీలను పెట్టి తీగ తీయించాను. రాతి స్తంభాలు పీకించబోతే వదిన వద్దన్నది. ఇప్పుడు వాటి మీద చిక్కుడు పాదు పాకింది. సర్వే రాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ రెండు సెంట్ల సంగతి అన్నయ్యా నేనూ ఇంకా తేల్చుకోలేదు. ప్రతి ఏటా నాట్ల ముందు ఒకరం ఎత్తుతాము, మళ్ళీ ఏదో పని తగులుతుంది. చిక్కుడుకాయలు మాత్రం కాపు ఉన్నన్నాళ్ళూ వారానికి రెండుసార్లు మా ఇంటికి వస్తాయి.